తరుగు తీయని తూకం

గంజాయి అన్న మాట వింటే నాకు ఒళ్లు మండేది. ఇప్పుడూ మండుతుంది. కాకపోతే అప్పట్లో ఆ మంట ఎవరి మీదో నాకు బాగా తెలుసు, ఇప్పుడు తెలియదు. ఇది చదివాక ఈవిడ గంజాయిని వెనకేసుకొస్తోందని కొందరు తిట్టుకుంటారు. ఇంత జరిగాక కూడా దాన్ని ఆడిపోసుకుంటోందేమిటని ఇంకొందరు తిట్టుకుంటారు. తిట్టుకోండి. నాకు దక్కవలసిన తిట్లు ఇంకా చాలానే మిగిలి ఉన్నాయి.

మాది ఆత్మకూరు. అమ్మ చనిపోయేనాటికి నా తమ్ముడికి పదకొండేళ్లు, నాకు ఇరవై. నాయన అప్పటికే లేడు. వాడికి అన్నం కలిపి పెట్టింది నేను, తల దువ్వింది నేను, ఆదివారం చేయి పట్టుకుని చర్చికి తీసుకుపోయింది నేను. నెల్లూరులో పాలిటెక్నిక్‌లో చేర్పించి, హాస్టల్ గదిలో వాడి ట్రంకు పెట్టె దింపి వచ్చిన రోజు నా అంత గొప్పది లోకంలో లేదనుకున్నాను. రెండో ఏడు గడవకుండానే వాడు ఇంటికి వచ్చేశాడు. కళ్లు ఎర్రగా, మాట ముద్దగా, నవ్వుకు వేళాపాళా లేకుండా. ట్రంకు పెట్టెలో చొక్కాల కింద గంజాయి పొట్లం దొరికింది. కొన్నాళ్లకు గోడలతో మాట్లాడటం మొదలుపెట్టాడు. ఇప్పుడు వాడికి ముప్పై నాలుగేళ్లు. పొద్దున ఒక మాత్ర, సాయంత్రం రెండు. వేసుకుంటే అరుగు మీద కూర్చుని రోడ్డు చూస్తాడు. వేసుకోకపోతే రోడ్డు మీదికే పోతాడు.

"గంజాయి వల్లే వచ్చిందని చెప్పలేనమ్మా, ఎప్పుడో రావలసినదాన్ని ముందే తెచ్చిందేమో" అన్నాడు డాక్టరు. ఆ తేడాతో నాకేం పని? తిట్టుకోవడానికి నాకొక పేరు కావాలి, అది దొరికింది. నా పెళ్లి సంగతి ఎవరైనా ఎత్తితే అరుగు మీద వాణ్ణి చూపించి లోపలికి పోయేదాన్ని.

ఉదయగిరికీ సీతారామపురానికీ మధ్య కొండ కింద ఉన్న ఒక పల్లెకు నేను వీఆర్వోని. రోజూ ఆత్మకూరులో బస్సెక్కి ఉదయగిరిలో దిగి, అక్కణ్ణుంచి షేర్ ఆటోలో పోవాలి. వీఆర్వో అంటే పొలాల పత్రాలు చూసుకునేదని అందరూ అనుకుంటారు. పిడుగు పడి గొర్రెలు చచ్చినా మేమే, చెరువు కట్ట తెగినా మేమే, ఒకటో తేదీ ముసలివాళ్లకు ఇంటింటికీ పింఛను పంచాలన్నా మేమే. ఇవి చాలవన్నట్టు పోలీసులకు కూడా మేమే కావాలి. వాళ్లు ఏదైనా పట్టుకుంటే, నిజంగానే పట్టుకున్నారని చెప్పడానికి పోలీసులు కాని మనుషులు ఇద్దరు ఉండాలి. వాళ్లను మధ్యవర్తులంటారు. ఊళ్లో ఏ మనిషీ ఆ పనికి రాడు. రేపు కోర్టుల చుట్టూ తిరగాలంటే ఎవడికి సరదా? అందుకని వీఆర్వోలను పిలుస్తారు. సర్కారు ఉద్యోగి సంతకం పెట్టాక మాట మార్చడని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకం నేను వమ్ము చేయలేదు.

వినాయక చవితి వెళ్లిన వారం. అంతకు ముందు రెండు రోజులుగా ముసురు. పొద్దున పది దాటాక పోలీసు జీపు మా గ్రామ సచివాలయం ముందు ఆగింది. "మేడం, ఒక చిన్న పంచనామా ఉండాది, రాండి" అన్నాడు కానిస్టేబులు. పక్క ఊరి వీఆర్వో అప్పటికే జీపులో కూర్చుని ఉన్నాడు. ఆయన ఏ పంచనామాలోనైనా నేను ఎక్కడ పెడితే అక్కడ సంతకం పెట్టే రకం, నోట్లో నాలుక లేని మనిషి.

జీపు ఊరి చివర చెంచాల తాత ఇంటి ముందు ఆగింది. చెంచాల తాత అంటే చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఉదయగిరి పనివాళ్లు కట్టెతో చెక్కే గరిటెలూ, చెంచాలూ ఉన్నాయే, ఆ పనిలో ఆయన చెయ్యి తిరిగినవాడు. ఆయన చెక్కితే, ఆయన భార్య గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేసేది. పిల్లలు లేరు. ఆ ముసలాయన చుట్ట కూడా తాగగా నేను చూడలేదు. అలాంటిది ఆయన వసారాలో తడి గోతం ఒకటి ఉంది, అందులోంచి గంజాయి మొక్కల కొనలు బయటికి కనబడుతున్నాయి. లెక్కపెట్టాం. ఏడు మొక్కలు. వేళ్లతో సహా, వేళ్లకు పట్టిన ఎర్రమన్నుతో సహా.

ఎస్సై కొత్తగా వచ్చిన కుర్రాడు. చెడ్డవాడని నేననను, గొంతు కూడా పెంచలేదు. "యాడిది పెద్దాయనా ఇది?" అని అడిగాడు.

"కోట కొండ కింద వంకలో దానంతట అదే మొల్చినాది సామీ. ఎనకట బైరాగులు ఉండే చోటు. వాన పడినాది గదా, చేత్తో లాగితే వచ్చేసినాయి."

మా మెట్ట పొలాల్లో వేరుశనగ అలాగే పీకుతారు, వాన తడి మీద కుదుటితో సహా. ఏది పీకినా ఆ చేతులు అలాగే పీకుతాయి. ఎరిగినవాడైతే పైన పూతా మొగ్గా తుంచుకుని జేబులో వేసుకుని వచ్చేవాడు.

"ఏం చేసుకుంటావు?"

"మా ముసల్దానికి సామీ. నడుం ఎముకల్లో పుండు అన్నారు నెల్లూరు ఆసుపత్రిలో. వాళ్లిచ్చే నొప్పి మాత్రలు ఈడ దొరకవు, పదైదు రోజులకొక తూరి నెల్లూరు పోవాల. అయిపోయినప్పుడు అరుస్తాది. ఈ ఆకు మేకపాలల్లో కాసి ఇస్తే రవ్వంతసేపు కండ్లు మూస్తాది."

నేను నమ్మలేదు. నా తమ్ముడు కూడా మొదట్లో తలనొప్పికే తాగుతున్నానన్నాడు. అందరూ మందుకే అంటారు, ఎవరు మాత్రం మత్తుకని చెప్తారు? లోపల మంచం మీద ఆవిడ మూలుగు వినబడుతూనే ఉంది. నేను లోపలికి తొంగి చూడలేదు.

తూచాలన్నారు. స్టేషన్లో కాటా లేదు. చింతపండు కొనే షావుకారు కొట్టుకు తీసుకుపోయారు. గోతాన్ని అలాగే తెచ్చి కాటా మీద పడేశారు. నీళ్లు కారుతున్నాయి. ముల్లు ఆరు కిలోల నాలుగు వందల గ్రాముల దగ్గర ఆగింది. స్టేషన్ రైటరు రాసుకున్నాడు. అప్పుడు ముసలాయన నా వైపు తిరిగి అడిగాడు.

"తరుగు తియ్యరా అమ్మా?"

మా వైపు చింతపండు మూట కాటా ఎక్కిందంటే ముందు తరుగు మాట రావలసిందే. గోతానికింత, తడికింత, గింజకింత అని షావుకారు బరువులో కోస్తాడు. ఎంత కోయాలన్న దగ్గర గొంతులు లేస్తాయి కానీ, అసలు తరుగే తీయని తూకం అంటూ మా వైపు ఉండదు. ముసలాయన ఎగతాళికి అడగలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ కాటా ముందు నిలబడితే అడిగే మాట, అదే అడిగాడు.

"ఏం తాతా, చింతపండు అమ్ముకోను వచ్చినావా?" అన్నాను నేను.

అందరూ ఘొల్లుమన్నారు. షావుకారు నవ్వాడు, రైటరు నవ్వాడు, నోట్లో నాలుక లేని ఆ వీఆర్వో కూడా నవ్వాడు. నా మాటకు నలుగురూ నవ్వితే నాకెప్పుడూ బాగానే ఉంటుంది. ఆ ఊపులో రెండు కాగితాల మీదా సంతకం పెట్టేశాను. గోతం దించాక కాటా పళ్లెం మీద మిగిలిన మన్నును షావుకారు మనిషి చీపురుతో ఊడ్చాడు. తట్టెడు మన్ను. ఆ చీపురు చప్పుడు నాకిప్పుడు వినబడినంత బాగా అప్పుడు వినబడలేదు.

ఆ ఆదివారం చర్చిలో స్త్రీల కూడికలో లేచి నిలబడి ఈ సంగతి చెప్పాను. దేవుడు నా చేత ఒక పని చేయించాడని చెప్పాను. నా తమ్ముడి సంగతి తెలిసిన వాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఛీ, తలుచుకుంటే ఇప్పుడు నాకే అసహ్యం.

ఉదయగిరి బస్టాండులో టీ అంగడి దగ్గర మాత్రం వేరే పాట. ముసలాయన అరెస్టు మీద వారం పాటు అక్కడ పెద్ద రచ్చబండే నడిచింది. "బయటి దేశాల్లో అంగట్లో పెట్టి అమ్ముతుండారంట, ఫోన్లో చూపించినారు" అని ఒకడు. "ఆడ అమ్మితే ఈడ అమ్మాల్నా? నీ కొడుకు తాగితే తెలుస్తాది నీకు" అని ఇంకొకడు. "మరి బ్రాందీ ఎవురమ్ముతుండారబ్బా? తాగి ఎంతమంది పెండ్లాల పుస్తెలు తెంపినారో ఎరగమా?" అని టీ కాచే ఆయన. "సారా కాస్తే కేసంట, సీసాలో పోసి అమ్మితే లైసెన్సంట. పండగనాడు కోడిపందేల కాడ జీపు దూరంగా ఆపుకోని నిద్రపోతారు గదా, అప్పుడు యాడికి పోతాది చట్టం?" నేను బస్సు కోసం నిలబడి అన్నీ వింటూ, పళ్లు కొరుక్కుంటూ ఉండేదాన్ని. ఒకరోజు ఆగలేక, "మీ ఇండ్లల్లో ఒకడు పిచ్చోడైతే అప్పుడు మాట్లాడండి రా" అని అరిచేశాను. ఆ మాటకు ఎవరి దగ్గరా జవాబు ఉండదు. అందుకే అది వాడతాను.

సంక్రాంతి సెలవులకు ముందు ఆత్మకూరులో ఒక డిగ్రీ కాలేజీ వాళ్లు వాదోపవాదాల పోటీ పెట్టి బహుమతులు తేల్చడానికి నన్ను పిలిచారు. విషయం, గంజాయి వాడకాన్ని నేరంగా చూడటం మానేయాలా, వద్దా. గంజాయి కేసు పట్టించిన ఆఫీసరని నా గురించి ఎవరో చెప్పారట. పట్టించింది నేను కాదు, కానీ ఆ మాట నేను దిద్దలేదు. పట్టుచీర కట్టుకుని పోయాను.

వద్దన్న వైపు ఒక అబ్బాయి మాట్లాడాడు. వాళ్ల మేనమామ గురించి చెప్పాడు. వాళ్ల అమ్మ అన్నం కంచం పట్టుకుని ఆయన వెంట వీధుల్లో తిరగడం గురించి చెప్పాడు. మొదటి బహుమతి వాడికేనని అప్పుడే మనసులో రాసేసుకున్నాను.

తర్వాత మానేయాలన్న వైపు ఒక అమ్మాయి లేచింది. చేజర్ల నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల. "ఇందాక మిత్రుడు చెప్పింది నిజం. అది మత్తు, అది మనుషుల్ని పాడు చేస్తుంది. నేను కాదనను. నేను అడిగేది ఒకటే. తాగి చెడిపోయినవాడికి డాక్టరు కావాలా, జైలు కావాలా? లారీల్లో తోలేవాణ్ణీ, నొప్పికి ఆకు నమిలే ముసలివాళ్లనూ ఒకే గాటన కడితే అది న్యాయమా? మన చట్టం మనిషిని చూడదు, తూకం చూస్తుంది. దొరికింది కిలో లోపు ఉంటే ఏడాదికి మించి శిక్ష లేదు. కిలో దాటితే పదేళ్ల దాకా వేయొచ్చు. ఆ తూకం తప్పయితే ఆ మనిషి గతి ఏమిటి?"

నా నెత్తిన పిడుగు పడింది. సర్వీసులో ఇన్ని కాగితాల మీద సంతకాలు పెట్టినదాన్ని, నాకు ఆ సంగతి తెలియదు! తూకం వేయడం పద్ధతి కోసం అనుకున్నాను, కాగితంలో ఒక గడి నింపడానికి అనుకున్నాను. గంజాయంటే ఆ చట్టం లెక్కలో పూతా మొగ్గా మాత్రమేనట, ఆ పిల్ల అది కూడా చెప్పింది. ఏడు మొక్కల పూత ఎంత ఉంటుంది? ఒక చేటలో పోస్తే చేట నిండదు. మిగతాదంతా కాడ, వేరు, ఎర్రమన్ను, వాననీళ్లు, గోనె. నేను లేచి, ముందు అనుకున్నట్టే ఆ అబ్బాయికి మొదటి బహుమతి ఇచ్చాను. ఆ పిల్ల రెండో బహుమతి తీసుకుని నా కాళ్లకు దండం పెట్టింది. ఇద్దరూ నిజమే చెప్పారు. అదే నా దరిద్రం.

ముసలాయనకు బెయిలు రాలేదు. ఆరు కిలోల కేసు, పైగా జామీనుకు నిలబడే మనిషి లేడు. నేను మాత్రం ప్రతి ఒకటో తేదీ పింఛను ఇవ్వడానికి ఆ ఇంటికి పోవలసిందే. ఏళ్ల తరబడి గరుకు కాగితంతో రుద్దీ రుద్దీ ఆవిడ వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. పింఛను మిషను ఆ వేలిముద్రను ఒప్పుకునేది కాదు. వేలికి బదులు ముఖం పోల్చుకోవడానికి ఫోను ముందు పెట్టి, "అవ్వా, కండ్లు తెరువు" అనేదాన్ని. కళ్లు తెరిచేది. ఆ కళ్లల్లోకి చూడకుండా ఫోన్లో చూసేదాన్ని.

పక్కింటి ఆమె ఇంత గంజి కాచి పోస్తోంది. మాత్రలకు నెల్లూరు పోయేవాళ్లు లేరు. ఒకటి రెండు సార్లు నేనే తెప్పించి ఇచ్చాను. పుణ్యానికి కాదు, భయానికి. ఎండాకాలంలో ఒకరోజు ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"తూకం ఏసినప్పుడు నువ్వుండావంట గదా బిడ్డా. లాయరు అబ్బాయి చెప్పినాడు, నువ్వు కోర్టులో తరుగు తియ్యలేదని ఒక్క మాట చెప్తే మా ఆయన్ని ఇడిచిపెడతారంట. చెప్తావు గదా తల్లీ?"

"చెప్తాలే అవ్వా" అన్నాను.

"నేను ఎక్కువ కాలం ఉండను. ఆయన వచ్చినాక పోతే చాలు."

"చెప్తానంటిని గదా" అని విసుక్కున్నాను కూడా.

చెప్పాలనే అనుకున్నాను, దేవుడి తోడు. సమన్లు వచ్చిన రోజు స్టేషన్ రైటరు సచివాలయానికి వచ్చాడు. మర్యాదగానే కూర్చున్నాడు, టీ తాగాడు. "మేడం, పంచనామా రిపోర్టులో ఏముండాదో అదే చెప్పండి. మన్నుతో తూచినామంటే, మరి సంతకం ఎట్ట పెట్టినావని జడ్జిగారు అడుగుతారు. దొంగ పంచనామా అని రాస్తారు. మీ పైవాళ్లకు కాగితం పోతాది. మాకేం, ఇంకో స్టేషన్‌కు పోతాం. మీకు తమ్ముడుండాడు గదా, చూసుకోండి" అన్నాడు. బెదిరించాడని చెప్పలేను. ఉన్నమాటే చెప్పాడు. సస్పెండయితే జీతం ఆగుతుంది, జీతం ఆగితే వాడి మాత్రలు ఆగుతాయి, మాత్రలు ఆగితే వాడు రోడ్డు మీదికి పోతాడు. కుడితిలో పడ్డ ఎలుక లాగా కొట్టుకున్నాను.

ఆ సాయంత్రం అన్నం పెడుతూ తమ్ముడికి చెప్పాను. వాడికి ఎంత అర్థమవుతుందో తెలియదు, అయినా నా బతుకులో చెప్పుకోవడానికి వాడు కాక ఎవరున్నారు? అంతా విని, ముద్ద కంచంలోనే పెట్టి అడిగాడు.

"అక్కా, నా పెట్టెలో దొరికిన పొట్లం నువ్వు తూచినావా?"

వాడి పెట్టెలో పొట్లం దొరికిన రోజు నేను పెరటి తలుపు గడియ పెట్టి, దాన్ని కట్టెల పొయ్యిలో వేసి కాల్చేశాను. పొగ బయటికి పోకుండా కిటికీలు మూశాను. పోలీసుల మాట నా తలపుకే రాలేదు. నా తమ్ముడికి జబ్బు చేసింది, డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి అనుకున్నాను, అంతే. టీ అంగడి దగ్గర గొంతు చించుకుని, కాలేజీలో మొదటి బహుమతి ఇచ్చి మరీ నేను మార్చకూడదన్న చట్టాన్ని మా ఇంట్లో నేను ఎప్పుడో మార్చేశాను. ఇంకొకరి ఇంటి దగ్గరికి వచ్చేసరికి కాటా కావాల్సి వచ్చింది నాకు. గురివింద గింజ అంటారే, అది నేనే.

ఆ ప్రశ్న విన్నాక కూడా కోర్టుకు పోయి నిజం చెప్పలేదు. ఇంత తెలిసిన మనిషి ఏం చేయాలో మీకు తెలుసు, నాకూ తెలుసు. ముసలాయన బోనులో నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి తల ఆడించాడు, ఊళ్లో ఎదురుపడితే ఆడించినట్టే. ఆయన తరఫు లాయరు, ఫీజు లేకుండా సర్కారు పెట్టిన కుర్రాడు, లేచి అడిగాడు.

"తూచే ముందు గోతం బరువు, వేళ్లకున్న మన్ను బరువు తీసేశారా?"

"తీసేశాము" అన్నాను.

"కాడలూ వేళ్లూ వేరు చేశారా?"

"చేశాము."

"రిపోర్టులో ఆ మాట లేదే?"

"రాయడం మరిచిపోయి ఉంటారు. నేను దగ్గరుండి చూశాను."

ఎంత సాఫీగా వచ్చిందో ఆ అబద్ధం! ముసలాయన తల ఎత్తి నన్ను చూశాడు. కోపంగా కాదు. షావుకారు తరుగు మరీ ఎక్కువ కోసినప్పుడు రైతు కాటా వైపు చూస్తాడు చూడండి, అలా. నా వెనక ఆ రెండో వీఆర్వో బోనెక్కి, "మేడం చెప్పిందే నిజం" అన్నాడు.

ఆగస్టులో తీర్పు వచ్చింది. నాలుగేళ్లు. తీర్పులో నా సాక్ష్యం నమ్మదగినదిగా ఉందని రాశారట, రైటరు ఫోన్ చేసి మరీ చెప్పాడు. సెప్టెంబరు ఒకటో తేదీ పింఛనుకు పోయినప్పుడు అవ్వ నన్ను ఏమీ అడగలేదు. నేను ఫోను ఎత్తి, "కండ్లు తెరువు అవ్వా" అన్నాను. తెరవలేదు. నిద్రపోతోందనుకున్నాను. మెలకువగానే ఉందని పక్కింటి ఆమె చెప్పింది. అక్టోబరులోనూ తెరవలేదు. మనిషి ఉన్నట్టు మిషను ఒప్పుకోలేదు.

కార్తీకంలో చనిపోయింది. చివరి నాలుగు రోజులూ ఆవిడ అరుపులకు వీధిలో ఎవరూ అన్నం తినలేకపోయారని చెప్పుకున్నారు. "రవ్వంత ఆకన్నా దొరికితే కాసి పోసేవాళ్లం గదా" అని ఒక ముసలమ్మ నా ముందే అని, నన్ను చూసి నాలుక కరుచుకుంది. ముసలాయన్ని పోలీసులు తీసుకొచ్చారు. మన్ను వేసి, గంటలోపే మళ్లీ జీపెక్కాడు. ఇంటి ముందు ఆయన సగం చెక్కి వదిలేసిన గరిటె కట్టెలు వానకు తడిసి బూజు పట్టి ఉన్నాయి. నేను వీధి మలుపు దాకా పోయి, అక్కడి నుంచే తిరిగి వచ్చేశాను.

ఈ ఏడు కూడా కాలేజీ వాళ్లు పోటీకి పిలిచారు, అదే విషయం. ఒంట్లో బాగాలేదని చెప్పాను. ఆ రోజు జైలుకు పోయాను. ఏం చెప్పాలో బస్సులో దారి పొడుగునా అనుకుంటూ పోయాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. చివరికి ఖైదీలను చూసే గదిలో ఇనుప జాలీకి ఇవతల నిలబడి, "తాతా, కోర్టులో నేను అబద్ధం చెప్పినాను" అన్నాను.

"తెలుసులేమ్మా. నేనాడ్నే ఉండాను గదా" అన్నాడు.

తర్వాత ఆయన జాలీకి దగ్గరగా వచ్చి, ఎప్పటి నుంచో అడగాలనుకున్నట్టు అడిగాడు.

"తరుగు తీసింటే ఎంత నిలిచేదమ్మా?"

"కిలోకి లోపలే తాతా."

"కిలో లోపలైతే?"

"మహా అయితే ఒక ఏడాది."

ఆయన చేతివేళ్ల మీద నెలలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మొదటి వేలి దగ్గర చవితి అన్నాడు. పైకే లెక్కపెడుతున్నాడు. ఒక తూరి తప్పిపోతే మళ్లీ మొదటి నుంచి పెట్టాడు. నేను జాలీ పట్టుకుని నిలబడి ఉన్నాను. పన్నెండు అయ్యాక మళ్లీ చవితి దగ్గర ఆగి, ఇంకో రెండు వేళ్లు ముడిచి, కార్తీకం అన్నాడు. ముడిచిన ఆ రెండు వేళ్లనూ చూసుకుంటూ ఉండిపోయాడు.

"అంటే, అది పోయేనాటికి నేను ఇంట్లోనే ఉండేవాణ్ణి" అన్నాడు.